శేషప్ప, ఆమోసు: తీర్పు ఎవరికి, ఆశ ఎక్కడ?

గోదావరి ఒడ్డున ధర్మపురిలో నరసింహస్వామి ఆలయ ప్రాంగణంలోనే యమధర్మరాజుకూ గుడి ఉంది. ధర్మపురికి పోయినవాళ్లకు యమపురి ఉండదని నానుడి. ఆ ఊరి కవి శేషప్ప రాసిన నరసింహ శతకాన్నీ, కరీంనగర్, ఆదిలాబాద్ చర్చిల్లో తెలుగులో చదివే ఆమోసు ప్రవక్త గ్రంథాన్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. భయపెట్టి ఊరుకోకుండా దారి చూపించిన రచనలే రెండూ.

ఆమోసు క్రీస్తుపూర్వం 8వ శతాబ్దం వాడు. యూదాలోని తెకోవ ఊరి పసులకాపరి, మేడిచెట్లు చూసుకునేవాడు. రెండవ యరొబాము ఏలుబడిలో ఇశ్రాయేలు కలిమితో తులతూగుతున్నప్పుడు బేతేలు వెళ్లి దాని పతనాన్ని చాటాడు. ఇక్కడ నోరెత్తకుండా నీ దేశానికి పొమ్మన్నాడు అక్కడి యాజకుడు అమజ్యా.

ధనం సంగతి ఇద్దరూ ఎత్తారు. కూడబెట్టింది చివరికి ఎక్కడికి పోతుందని శేషప్ప అడుగుతాడు. పుట్టినప్పుడు తేలేదు, పోయేటప్పుడు వెంట రాదు, తినక పెట్టక దాచింది పరుల పాలవుతుంది. అసలది ఎక్కడినుంచి వచ్చిందని ఆమోసు నిలదీస్తాడు. కొలత తగ్గించి, ధర పెంచి, దొంగత్రాసుతో తూచి, చెప్పుల జత వెలకు బీదవాణ్ని కొన్న సొమ్ము అది. శేషప్ప లోభికి చావును గుర్తు చేస్తే, ఆమోసు అంగడినే బోనెక్కించాడు.

తీర్పు ఎవరి మీద పడిందో ఆశ కూడా అక్కడే మొలిచింది. చివరి ఘడియలో కఫం గొంతుకు అడ్డుపడితే స్వామి పేరు పలకగలనో లేదో, అందుకే ఇప్పుడే పిలుస్తున్నానంటాడు శేషప్ప. మరణభయమే భక్తికి తొందరపెట్టింది. ఎంత దిక్కులేనివాడికైనా అందే ఆశ ఇది. దీనికి రాజూ అక్కర్లేదు, రాజ్యమూ అక్కర్లేదు.

ఆమోసు ఆశ నేలమీద ఉంటుంది. పేదల దగ్గర ధాన్యం గుంజుకున్నారు కనుక కట్టిన రాతి ఇళ్లలో మీరు కాపురం ఉండరు, నాటిన తోటల ద్రాక్షారసం తాగరు అని 5వ అధ్యాయంలో తీర్పు. 9వ అధ్యాయం చివర అదే శిక్ష తిరగబడింది: పాడైన ఊళ్లు కట్టుకుంటారు, తోటలు నాటి వాటి రసం తాగుతారు. ఆ ముగింపు తర్వాతి కాలంలో చేర్చిందని చాలామంది పండితుల మాట. ఎవరు చేర్చినా, ముందున్న తీర్పును క్షుణ్ణంగా చదివినవాళ్లే చేర్చారు. పోగొట్టుకున్నవి ఏవో, తిరిగి దక్కేవీ అవే.

ఒకరిని ఎక్కువ చేసి మరొకరిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మంచం పట్టిన మనిషికి ఆమోసు దగ్గర ఓదార్పు దొరకదు. అక్కడ శేషప్పే తోడు. దున్నినవాడి చేను పరులపాలైన చోట మాత్రం శేషప్ప వైరాగ్యం చాలదు. నీళ్లు, అడవి, భూమి మావేనని పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన కుమ్రం భీం నేల ఇది. నాటినవాడే తినాలన్న ఆమోసు మాట ఆదిలాబాద్‌కు పరాయిది కాదు. అన్యాయాన్ని పేరుపెట్టి చెప్పిన తీర్పే న్యాయమైన ఆశకు హక్కు సంపాదిస్తుంది. అంగడినీ పొలాన్నీ తాకని భక్తి, ఏ మతంలోనైనా, సగం తీర్పే. కాబట్టి సగం ఆశే.