గాలి పీల్చు... బిగబట్టు

ఛాతీ ఎక్స్‌రే తీయడానికి పట్టే కాలం రెప్పపాటు కన్నా తక్కువ. అంతకు ముందు జరిగే మూడు నాలుగు నిమిషాల పనితనం చూద్దామని ఒకరోజు పొద్దున్నే ఓ జిల్లా ఆసుపత్రిలో, సీసం కలిపిన అద్దం వెనక నిలబడ్డాను. అక్కడి టెక్నీషియన్‌కి పాతికేళ్ల అనుభవం. ఆయన చేతి కింద ఇద్దరు రేడియోగ్రఫీ విద్యార్థులు.

మొదట ఓ తాత వచ్చాడు. చీటీ చూసి వాళ్లలో ఒక కుర్రాడు ‘‘మీరు ఫలానాయేనా?’’ అన్నాడు. తాత తలూపాడు. టెక్నీషియన్ వెంటనే ఆపేశారు. ‘‘పేరు నువ్వు చెప్పకు, ఆయన చేత చెప్పించు. చెవుడున్నవాళ్లు దేనికైనా తలూపుతారు.’’

చీటీలో డాక్టరు గారి కోడిగీతల మధ్య ఒక మాట: ఆర్థోప్నియా. కుర్రాడు గ్రీకు మూలాలు విడగొట్టాడు: ఆర్థో అంటే నిటారు, ప్నియా అంటే శ్వాస. ‘‘బాగుంది. అయితే ఇప్పుడేం చేస్తావు?’’ అని టెక్నీషియన్ ప్రశ్న. పడుకుంటే ఆయాసం వచ్చే మనిషి కదా, బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టకూడదు. నిలబెట్టాలి, ఓపిక లేకపోతే కూర్చోబెట్టాలి. మెడికల్ టెర్మినాలజీ అంటే బట్టీ పట్టే జాబితా అనుకునే నాకు ఆ ఒక్క ప్రశ్నతో కళ్లు తెరుచుకున్నాయి. మాట తెలియడమంటే చెయ్యి ఎటు కదలాలో తెలియడం.

ఈ పనికి తెలుగు ఎంత సిద్ధంగా ఉందో కూడా అక్కడే గమనించాను. సుపైన్ అంటే వెల్లకిలా, ప్రోన్ అంటే బోర్లా. లాటరల్ డెక్యుబిటస్ అని పుస్తకం నోరు తిప్పుకునే భంగిమకి మన ఇళ్లలో ఉన్న మాట ఒత్తిగిలి పడుకోవడం. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్న అనుమానం ఉంటే ఆ పక్కకే ఒత్తిగిలమంటారు. నిలబెట్టి తీసిన ఫిల్ములో దొరకనంత కొద్ది నీరైనా అలా పడుకుంటే పక్కటెముకల వెంట చారలా పరుచుకుని కనబడుతుంది.

తాతని క్యాసెట్ స్టాండుకి ఎదురుగా నిలబెట్టారు. ఛాతీ ప్లేటుకి ఆనింది, గడ్డం పైకి. అరచేతుల వెనక వైపు నడుం మీద ఆనించి, రెండు మోచేతులూ మెల్లగా ముందుకు నెట్టారు. అలా నెడితేనే రెక్క ఎముకలు పక్కకి తప్పుకుని ఊపిరితిత్తుల మీద నీడ పడదు. ట్యూబు తాత వీపు వెనక, ప్లేటుకి ఆరడుగుల దూరంలో, అంటే సుమారు 180 సెంటీమీటర్లు. కిరణం వీపులో దూరి రొమ్ములోంచి వస్తుంది కాబట్టి ఇది పోస్టీరియర్ నుంచి యాంటీరియర్, వాళ్ల వాడుకలో పీఏ. గుండె రొమ్ము వైపు ఉంటుంది. ప్లేటుకి దగ్గరైతే నీడ అంతగా పెరగదు. మంచం మీది రోగికి ముందు నుంచి, అంటే ఏపీగా, తీస్తే గుండె ఉన్నదానికన్నా పెద్దగా కనబడుతుంది. అందుకే ఫిల్ము మీద పీఏనో ఏపీనో రాయకపోతే డాక్టరు లేని జబ్బు చూసే ప్రమాదం ఉంది. మూలన సీసపు అక్షరం ‘ఆర్’ పెట్టడం కూడా అలాంటిదే. గుండె కుడివైపున్న మనుషులు అరుదుగానైనా ఉంటారు. అక్షరం లేకపోతే తిరగబడింది గుండో ఫిల్మో చెప్పలేం.

తర్వాత వచ్చిన కొత్త కోడలి దగ్గర ఆయన నేర్పు మరో రకం. జడ పైకి ముడి వేయించారు. జడ నీడ ఊపిరితిత్తి కొసన పడితే మచ్చలా భ్రమ పెడుతుంది. తాళి తీయమనలేదు; పుస్తెలు పైకి లాగి పెదవుల మధ్య పట్టుకోమన్నారు. (1895లో ఎక్స్‌రేలు కనిపెట్టిన రాంట్‌జెన్ తన భార్య చేతికి తీసిన ఆ ప్రసిద్ధ చిత్రంలో ఉంగరం అలాగే ఉంది. ఈయనైతే తీయించేవారే.) నెల తప్పిందేమో అడగాల్సి వచ్చినప్పుడు మాత్రం అత్తగారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఆయాచేత మెల్లగా అడిగించారు. అత్తగారు వింటుండగా వచ్చే జవాబు వేరు. ఒక్క లోటు: ఆసుపత్రి గౌనుకి నాడాలు ఊడిపోయి పిన్నీసులు పెట్టుకున్నారు. ఆ పిన్నీసులు కూడా ఒక్కొక్కటే తీయించాక గాని అమ్మాయి నిలబడలేదు.

అసలు విద్య ఊపిరి దగ్గరుంది. గాలి పీల్చమంటే మనలో చాలామంది భుజాలెత్తుతాం, పొట్ట లోపలికి లాగుతాం. గాలి మాత్రం వెళ్లదు. ఇందాక తాతని నిలబెట్టినప్పుడు ఆయన ‘‘భుజాలు వదిలెయ్ తాతా. పీల్చు... వదులు... మళ్లీ పీల్చు, బిగబట్టు!’’ అన్నారు. ఆ రెండో ఊపిరి మొదటిదానికన్నా లోతుగా వెళ్తుంది. ఆయన కళ్లు తాత వీపు మీదున్నాయి, వేలు మీట మీద.

తాత ఫిల్ము తెర మీదికి రాగానే కుర్రాళ్ల చేత వెనక పక్కటెముకలు లెక్కబెట్టించారు. డయాఫ్రం పైన పది. రెండు కాలరు ఎముకల లోపలి కొసలూ వెన్నుముల్లుకి సమదూరంలో ఉన్నాయి, అంటే తాత అటూ ఇటూ తిరగలేదు. నాకు అది బొమ్మలా కాదు, ఆయన చెప్పిన ప్రతి మాటకీ తాత ఒళ్లు ఇచ్చిన జవాబులా కనిపించింది.

మూడో మనిషి పన్నెండేళ్ల పిల్లాడు. ఈసారి మీట కుర్రాడి చేతికిచ్చారు. అంతా సరిగ్గా చేశాడు, ఫిల్ము బాగా వచ్చింది, మురిసిపోయి తెర మీదికి వంగాడు. టెక్నీషియన్ అతని భుజం తట్టి అద్దంలోంచి చూపించారు. పిల్లాడు బుగ్గలు పూరించి, మొహం ఎర్రబడి, ఇంకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాడు.

‘‘వదలమని చెప్పరా!’’