ఆగని లారీకి రెండు దారులు

అమెరికాలో రెండు కొండ రోడ్లు. ఒకటి కనెక్టికట్ రాష్ట్రంలోని ఏవన్ మౌంటెన్ దిగుడు, రెండోది కొలరాడోలో డెన్వర్ వైపు దిగే ఐ-70 హైవే. మొదటిచోట అదుపు తప్పిన లారీ పక్కకు తప్పుకోవడానికి దారి లేక మనుషులు చనిపోయారు. రెండోచోట దారి ఉండి కూడా చనిపోయారు. ఇలాంటి లారీలను ఆపడానికి కట్టే ఎస్కేప్ ర్యాంపులను పోల్చేవాళ్ళు పొడవెంత, లోతెంత, ఖర్చెంత అని చూస్తారు. ఆ లెక్కలు లేకుండా ఏ ర్యాంపూ నిలవదు, నిజమే. ఈ రెండు ప్రమాదాలనూ పక్కపక్కన పెట్టి చూశాక మాత్రం నేను ఆ లెక్కలకంటే ముందు ఒక ప్రశ్న వేస్తున్నాను. బ్రేకులు పోయిన డ్రైవరు, ఆ ఒకటి రెండు క్షణాల్లో, స్టీరింగ్ అటు తిప్పుతాడా?

ఏవన్‌లో 44వ నంబరు రూటు కొండ దిగి 10వ నంబరు రూటును కలుస్తుంది. 2005 జూలై 29 ఉదయం, జనం ఆఫీసులకు వెళ్ళే వేళ, బ్రేకులు పట్టని టిప్పరు ఒకటి ఆ కూడలిలో ఉన్న వాహనాల మీద పడింది. టిప్పరు డ్రైవరుతో కలిపి నలుగురు పోయారు. రెండేళ్ళకు, 2007లో, మరో లారీ అదే కొండ దిగుతూ అడుగునున్న ఫర్నిచర్ దుకాణంలోకి దూసుకుపోయింది. ఆ తర్వాతే అక్కడ ర్యాంపు కట్టారు. అక్కడ పొడవైన గులకరాళ్ళ పడక వేయకుండా, చదునైన రోడ్డుకు అడ్డంగా వరసగా ఉక్కు వలలు కట్టారు.

కొలరాడోలో జరిగింది 2019 ఏప్రిల్ 25న. కలప లోడుతో దిగుతున్న లారీకి బ్రేకులు పోయాయి. దారిలో ర్యాంపు ఉంది, దాన్ని దాటి వచ్చేసింది. లేక్‌వుడ్ దగ్గర ఆగివున్న ట్రాఫిక్‌ను గుద్దినప్పుడు వేగం గంటకు 85 మైళ్ళు, అంటే దాదాపు 137 కిలోమీటర్లని పోలీసులు చెప్పారు. నలుగురు చనిపోయారు. ర్యాంపు ఎదురుగా ఉన్నా ఎందుకు ఎక్కలేదన్నది కోర్టులో పెద్ద ప్రశ్నయింది. 2021 డిసెంబరులో డ్రైవరుకు 110 ఏళ్ళ శిక్ష పడింది. లక్షల మంది అభ్యంతరం చెప్పారు. అదే నెలాఖరున గవర్నర్ జారెడ్ పోలిస్ దాన్ని పదేళ్ళకు తగ్గించారు. శిక్ష న్యాయాన్యాయాల మీద అంత చర్చ జరిగింది. భయంతో బిగుసుకుపోయిన డ్రైవరుకు ఆ ర్యాంపు ఎలా కనిపించి ఉంటుందన్న దాని మీద అందులో పదో వంతు కూడా జరగలేదని నాకనిపిస్తుంది.

బ్రేకులు ఎలా పోతాయో కాస్త చూడాలి. నిండు లోడు లారీ కొండ దిగుతున్నప్పుడు కిందికి లాగే శక్తి అంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. డ్రైవరు టాప్ గేరులో ఉండి పెడలు మీదే ఆధారపడితే ఆ వేడంతా డ్రమ్ములకే పోతుంది. వేడికి డ్రమ్ము వ్యాకోచించి లైనర్లకు దూరమవుతుంది. లైనర్ల పట్టు తగ్గుతుంది. కాలు ఇంకా గట్టిగా నొక్కుతాడు, ఒక దశ దాటాక నొక్కినా నొక్కకపోయినా ఒకటే. డీజిల్ మిగుల్చుకోవాలని బండిని న్యూట్రల్ చేసి వదిలేస్తే ఇంజను పట్టు కూడా పోతుంది. ఇంజనే ఆపేస్తే ఎయిర్ కంప్రెసర్ తిరగదు. పెడలు నొక్కినప్పుడల్లా ట్యాంకులో ఎయిర్ తగ్గిపోతూ ఉంటుంది. అక్కడి నుంచి ఆ బండిని ఆపగలిగేది రోడ్డు పక్కన ఎవరైనా ముందుగా కట్టి ఉంచిన ఏర్పాటే.

ఆ ఏర్పాట్లలో ఎక్కువగా కనిపించేది గులకరాళ్ళ పడక. ఏటి ఇసుకలో ఎడ్లబండి చక్రం దిగబడినట్టే ఇందులో లారీ చక్రం దిగబడుతుంది. అయితే ఏ రాయి పడితే ఆ రాయి పోస్తే ఇది పనిచేయదు. రాళ్ళు గుండ్రంగా, నున్నగా, ఇంచుమించు ఒకే సైజులో ఉండాలి. అప్పుడే చక్రం కింద పక్కకు జారి దాన్ని లోపలికి రానిస్తాయి. క్రషర్ కంకరకు అంచులుంటాయి. అంచులు ఒకదానికొకటి పట్టుకుని గట్టి రోడ్డులా తయారవుతాయి. తేడా ఎంతో అమెరికా ఇంజనీర్లు వాడే సూత్రంతో లెక్కవేయవచ్చు. వేగం వర్గాన్ని 254తో భాగించి, వచ్చినదాన్ని రాళ్ళ నిరోధం, వాలు కలిపిన మొత్తంతో మళ్ళీ భాగిస్తే పొడవు మీటర్లలో వస్తుంది. సన్న గులకరాళ్ళకు నిరోధం 0.25, వదులు కంకరకు 0.05. గంటకు 130 కిలోమీటర్లతో వచ్చే లారీని పది శాతం ఎగుడు ర్యాంపు మీద గులకరాళ్ళు దాదాపు 190 మీటర్లలో ఆపుతాయి. అదే ర్యాంపు మీద కంకర పోస్తే 440 మీటర్లు దాటుతుంది. టెండరులో రాయి రకం దగ్గర కక్కుర్తి పడితే ర్యాంపు అక్కడే ఉంటుంది, లారీ మాత్రం ఆగదు. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. చూడటానికి రెండు ర్యాంపులూ ఒకేలా ఉంటాయి.

పడక లోతు కనీసం మీటరు ఉండాలి. ప్రవేశం దగ్గర మాత్రం ఏడెనిమిది సెంటీమీటర్లతో మొదలై క్రమంగా లోతు పెరగాలి. లేకపోతే ముందు చక్రాలు ఒక్కసారిగా పాతుకుపోయి వెనకున్న లోడు క్యాబిన్ మీదికి వస్తుంది. ముందు చక్రాలు రెండూ ఒకేసారి రాళ్ళలో పడాలి, ఒకటి ముందు పడితే బండి తిరగబడుతుంది. వాన నీరు నిలవకూడదు. నిలిస్తే చలి దేశంలో గడ్డకట్టి పలకవుతుంది, మన దగ్గరైతే మట్టి చేరి సందులు పూడిపోతాయి. ప్రతి వాడకం తర్వాతా రాళ్ళను తిరగతోడి వదులు చేయాలి. ర్యాంపు పక్కన సర్వీసు రోడ్డు, క్రేనును కట్టుకోవడానికి కాంక్రీటు దిమ్మెలు లేకపోతే దిగబడ్డ లారీ బయటికి రాదు. వెనకాల వచ్చే రెండో లారీకి చోటూ ఉండదు.

ఇన్ని షరతులున్నా గులకరాళ్ళ పడకకు ఒక గొప్ప గుణం ఉంది. అందులో కదిలే భాగమంటూ ఏదీ లేదు. తుప్పు పట్టే బోల్టు లేదు, కరెంటు అక్కర్లేదు. దాన్ని పట్టించుకునే మనిషి నెలకోసారి వచ్చినా అది అక్కడే పడి ఉంటుంది. కొలరాడోలోనే ఐసెన్‌హోవర్ సొరంగం నుంచి సిల్వర్‌థార్న్ ఊరికి దిగే స్ట్రెయిట్ క్రీక్ వాలు దాదాపు ఏడు శాతం. అక్కడి గులకరాళ్ళ ర్యాంపు ఆ రాష్ట్రంలో ఎక్కువగా వాడకంలో ఉన్నవాటిలో ఒకటి.

ఏవన్ వల పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. రోడ్డుకు అడ్డంగా ఒకదాని తర్వాత ఒకటి స్టెయిన్‌లెస్ స్టీలు వలలు. వాటి చివర్లు రెండు పక్కలా శక్తిని మింగే యంత్రాలకు కట్టి ఉంటాయి. లారీ మొదటి వలను లాక్కుని ముందుకు పోతుంది, ఆ లాగుడుకు వేగం తగ్గుతుంది, తర్వాత రెండోది, మూడోది. పొడవు తక్కువ సరిపోతుంది, ర్యాంపు కిందికి వాలి ఉన్నా ఫరవాలేదు. ఇళ్ళూ దుకాణాలూ కూడలీ ఉన్న ఏవన్ లాంటి చోటుకు ఇది తగిన ఎంపికేనని నా అభిప్రాయం. మంచు పేరుకోకుండా ఆ ర్యాంపు రోడ్డును విద్యుత్తుతో వేడి చేసే ఏర్పాటు కూడా ఉంది. ఇక్కడే దాని బలహీనతా ఉంది. కరెంటు కావాలి, ఉక్కుకు తనిఖీ కావాలి, వాడిన ప్రతిసారీ తెగిన వలలు మార్చాలి. మార్చేలోపు ఇంకో లారీ వస్తే పూర్తి రక్షణ ఉండదు. క్రమం తప్పకుండా సంరక్షణకు డబ్బు పెట్టే శాఖ చేతిలో మాత్రమే వల నమ్మదగినది. అలాంటి నమ్మకం లేనిచోట నేను గులకరాళ్ళకే ఓటు వేస్తాను.

ఇక నేను మొదట వేసిన ప్రశ్న. క్యాబిన్‌లో కూర్చుని ఈ రెండింటినీ చూడండి. ఎగుడు గులకరాళ్ళ ర్యాంపు దూరం నుంచే కొండకు నిలువుగా ఆనించినట్టు కనిపిస్తుంది. కనిపించడం మంచిదే, కానీ చూడగానే బండి అక్కడ తలకిందులవుతుందన్న భయం కలుగుతుంది. వల ర్యాంపు తారురోడ్డులా ఉంటుంది, చక్రం సునాయాసంగా ఎక్కుతుంది. అయితే మలుపు వెనక ఉంటే ఆఖరి క్షణం దాకా కనిపించదు. అమెరికా ప్రమాణాలు ఈ విషయాన్ని గుర్తించాయి. ర్యాంపు ప్రధాన రోడ్డు నుంచి వేరయ్యే కోణం ఐదు డిగ్రీలకు మించకూడదంటాయి. స్టీరింగ్ బలంగా తిప్పాల్సిన అవసరం ఉండకూడదని దానర్థం. ఒక మైలు ముందు, అర మైలు ముందు, ప్రవేశం దగ్గర బోర్డులు పెట్టమంటాయి. గంటకు 130 నుంచి 140 కిలోమీటర్ల వేగానికి తగ్గట్టు డిజైన్ చేయమంటాయి.

లేక్‌వుడ్ లారీ గుద్దినప్పటి వేగం కూడా ఆ పరిధిలోనిదే. అంటే ప్రమాణాల ప్రకారం కట్టిన ర్యాంపు ఆ వేగాన్నీ భరించగలదు. డ్రైవరే ఎక్కలేదు. కొండ తెలియనివాడికి ర్యాంపు ఎక్కడుందో దిగుడు మొదలవకముందే చెప్పాలి. కొండ పైన లారీలు ఆగి బ్రేకులు చూసుకునే చోట పెద్ద పటం పెట్టి, వాలు ఎంత, మలుపులు ఎన్ని, ర్యాంపులు ఎన్నో కిలోమీటరు దగ్గర అన్నది చూపాలి. ఇక్కడ డబ్బు మాట కూడా ఉంది. ర్యాంపులో దిగబడ్డ లారీని బయటికి లాగే ఖర్చు సాధారణంగా లారీ వాళ్ళ నెత్తినే పడుతుంది. లోడు పాడైతే ఓనరుకు ఏం చెప్పాలి, ఉద్యోగం ఉంటుందా అన్న లెక్క డ్రైవరు తలలో ఉన్నంతకాలం “ఇంకో మలుపు చూద్దాం, తగ్గుతుందేమో” అనే ఆలోచనే గెలుస్తుంది. ఆ మలుపు తర్వాత ర్యాంపు ఉండకపోవచ్చు. రాయి మీద, ఉక్కు మీద పెట్టే ఖర్చులో చిన్న భాగం ఈ లాగుడు బిల్లుకు కేటాయించిన ప్రభుత్వం ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందని నా నమ్మకం.

మన దేశంలో ఘాట్ రోడ్లకు కొదవ లేదు, ఇలాంటి ర్యాంపులు మాత్రం అరుదు. పుణె బైపాస్ మీద కాత్రజ్ కొత్త సొరంగం దాటాక నవలే వంతెన దాకా సాగే దిగుడులో 2022 నవంబరు 20న ఒక లారీ పదుల కొద్దీ వాహనాలను గుద్దుకుంటూ పోయింది. 2025 నవంబరులో అదే చోట కంటైనర్ లారీ బీభత్సంలో ఎనిమిది మంది చనిపోయారు. అక్కడ మొదటి నుంచీ ఇచ్చిన జవాబు బోర్డులు, రంబుల్ స్ట్రిప్పులు, వేగ పరిమితి తగ్గింపు. బ్రేకులు పనిచేస్తున్న లారీకి అవి ఉపయోగపడతాయి. బ్రేకులు పోయిన లారీ ఆ బోర్డును చదవగలదు కానీ పాటించలేదు. నవలే దగ్గర పరిస్థితి ఏవన్‌కు దగ్గరిది. అడుగున ఊరు, కూడలి, రద్దీ. పొడవైన పడకకు చోటు దొరకడం కష్టం కాబట్టి వల గురించి గట్టిగా ఆలోచించాలి, దానితోపాటు సంరక్షణ బాధ్యత ఎవరిదో కాగితం మీద పేరుతో సహా రాయాలి.

చిత్తూరు జిల్లాలో పలమనేరు వైపు నుంచి దిగే మొగిలి ఘాట్ అలా కాదు. 2024 సెప్టెంబరులో అక్కడ ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొని పలువురు ప్రాణాలు కోల్పోయారు. తరచూ ప్రమాదాలు జరిగే దిగుడని ఆ దారిన తిరిగే డ్రైవర్లకు తెలుసు. ఊరి మధ్య కూడలి కాదు కాబట్టి అక్కడ ఎగుడు గులకరాళ్ళ పడకకు చోటు వెతకాలి. సర్వే చేసే ఇంజనీరు టేపు, లెవెల్ యంత్రంతో పాటు ఆ రూట్లో తిరిగే ఇద్దరు ముగ్గురు లారీ డ్రైవర్లను వెంటబెట్టుకుని వెళ్ళాలి. బ్రేకు పట్టడం లేదని మీకు ఎక్కడ తెలుస్తుంది, ఏ మలుపు దగ్గర చేతులు వణుకుతాయి అని అడిగి, ఆ మలుపుకు ముందే ర్యాంపు ప్రవేశానికి ముగ్గు పోయాలి.