నల్లరేగడిలో అదనపు గది: ‘వెడల్పు పునాది’పై ఒక విమర్శ

నంద్యాల నుండి ఆళ్ళగడ్డకు పోవు దారిలో, ఎండలు ముదిరిన దినములలో చేలలోనికి దిగి చూచినవారికి చేయి దూరునంతటి నెర్రెలు కనబడును. వానలు పడగానే అదే నేల కాలు పెట్టనీయని బంకయగును. కుందూ లోయలోని ఈ నల్లరేగడిని గూర్చి మన పాఠములు ప్రత్తి బాగుగా పండునని చెప్పి ఊరకుండును. ఆ నేలమీదనే మనము ఇండ్లు కట్టుకొనుచున్నామను సంగతి పాఠమునకు పట్టదు. అందువలన ఉన్న ఇంటికి ఒక వంటగదియో స్నానాల గదియో కలుపుకొనునప్పుడు, చదువుకొన్నవాడు కూడ మేస్త్రీ మాటకే తల యూపును. ఆ మాట సాధారణముగా ఒక్కటే: నేల మంచిది కాదు, పునాది వెడల్పుగా వేయుదము.

కుంగిపోవు మెత్తని నేలకు ఇది సరియైన సలహాయే. బరువు ఎక్కువ చోటునకు పంచబడును. కాని నల్లరేగడి దోషము బలహీనత కాదు, చలనము. ఇందలి మాంట్‌మొరిల్లోనైట్ అను ఖనిజపు రేకుల నడుమ నీరు చొచ్చి వానిని ఎడము చేయును, నేల ఉబ్బును. నీరు పోగా మరల కుంచించుకొనును.

కొంచెము లెక్క చూడుడు. 23 సెంటీమీటర్ల మందము, 3 మీటర్ల ఎత్తుగల ఇటుక గోడ, దానిపై స్లాబు పాలు కలిపి మీటరు పొడవునకు సుమారు 2 టన్నులు. పునాది వెడల్పు 60 సెంటీమీటర్లైనచో నేలపై పీడనము చదరపు మీటరుకు 3 టన్నుల పైచిలుకు. 120 చేసినచో అందులో సగము (పునాది సొంత బరువును విడిచితిని). ఉబ్బు రేగడి పైకి తన్ను పీడనమో, 10 టన్నులు దాటుట అరుదు కాదు. కాగా వెడల్పు పెంచి మనము నేలను అణచుట లేదు; అది ఎత్తివేయుటకు వీలు కల్పించుచున్నాము! కందకములో ఇసుక నింపుటయు నాకు సమ్మతము కాదు. చుట్టును బంకమన్ను, నడుమ ఇసుక ఉన్నచో అది నీటితొట్టి యగును. బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు కట్టి ఇసుకను కాక, ఉబ్బని బంకగల గరుసువంటి మట్టిని ఒత్తుగా దిమ్మిస చేయుమనుట గమనింపదగినది.

లోతు సంగతి వేరు. ఋతువులతో తేమ మారు పొరను దాటినచో నిజముగా మేలే. కాని ఒక్క గదికై మూడు నాలుగు మీటర్ల కందకము త్రవ్వువారెవరు? రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థలో దినేశ్ మోహన్ ప్రభృతులు దీనికొక ఉపాయము అభివృద్ధిపరచిరి. ఆగరు అను చేతితో త్రిప్పు పనిముట్టుతో సన్నని గుంటలు తొలిచి, అడుగున మాత్రము వెడల్పు చేసి కాంక్రీటు పోయుదురు. ఉల్లిగడ్డవంటి ఆ ఉబ్బు సామాన్యముగా కాడకు రెండున్నర రెట్లు వెడల్పు. అది చలనము లేని పొరలో నాటుకొని స్తంభమును పైకి లేవనీయదు. 1980 నాటి భారత ప్రమాణము 2911 మూడవ భాగము, లోతైన ఉబ్బు నేలలలో ఈ స్తంభములకు కనీసము 3.5 మీటర్ల పొడవు విధించినది. స్తంభములపై దూలమునకును నేలకును నడుమ 8 సెంటీమీటర్ల ఖాళీ ఉండవలెను. నేల ఉబ్బుటకు ఆ ఖాళీయే చోటు. పని ముగించునప్పుడు దానిని మట్టితో పూడ్చినచో స్తంభములకు పెట్టిన ఖర్చు వృథాయే.

అయితే ఇంతటి పునాదియు పాత ఇంటి కథ మార్చదు. పాత గోడ లోతు తక్కువ పునాదిపై ఋతువుతో పాటు లేచి దిగుచుండును. కొత్త గది కదలదు. రెండింటిని పండ్లువేసి కలిపికట్టినచో పగులు తప్పదు. పునాది నుండి స్లాబు వరకు సందు విడువవలెను. చూపునకు బాగుండదని ఇంటివారు ఒప్పుకొనరు గాని, ఆ సందును పట్టీతో కప్పవచ్చును, పగులును కప్పలేము.

వేళను కూడ చూడవలెను. మనవారు మే నెలలో కట్టుదురు. అప్పుడు నేల మిక్కిలి ఎండియుండును. గది కప్పిన పిమ్మట ఆవిరి పోవు దారి మూసుకొని, అడుగున తేమ సంవత్సరముల తరబడి చేరుచుండును, నట్టిల్లు ఉబ్బును. పైగా మనము కలుపుకొనునది ఎక్కువగా నీరు వాడు గదియే. కారు గొట్టమొక్కటి చాలు. కనుక చుట్టును వాలుగల గచ్చు, దూరముగా పోవు కాలువ పునాదిలో భాగములనియే ఎంచవలెను.

మన్ను ఎట్టిదో బడిలోనే తెలిసికొనవచ్చును. ఎండించి జల్లించిన మన్ను 10 గ్రాముల చొప్పున రెండు కొలపాత్రలలో వేసి, ఒకదానిలో కిరసనాయిలు, రెండవదానిలో బట్టియించిన నీరు 100 మిల్లీలీటర్ల గుర్తు వరకు పోసి, కలిపి, ఒక దినము కదల్చక ఉంచుడు. కిరసనాయిలులో రేగడి ఉబ్బదు. అందులో మన్ను 10 మిల్లీలీటర్లు, నీటిలో 20 నిలిచినచో ఉబ్బు నూటికి నూరు. కెయొలినైట్ అధికముగాగల మన్ను కిరసనాయిలులోనే ఎక్కువ చోటాక్రమించి, ఈ లెక్కలో ఋణసంఖ్య వచ్చుట కలదు. బెంగళూరు ఆచార్యులు శ్రీధరన్ అందుకే రెండు పరిమాణముల నిష్పత్తినే చూడుమనిరి.

నంద్యాలలో నా మిత్రుడొకడు తన కొత్త వంటగది కీలులోని పగులును ఎండకాలములో సిమెంటుతో పూడ్పించెను. వానలకు నేల ఉబ్బి గోడలు దగ్గరకు రాజూడగా, మూసుకొనవలసిన చోట సిమెంటు అడ్డుపడి, పూత పెళ్ళలుగా ఊడెను. ఇప్పుడతడు పగులుకు ఇరువైపుల పెన్సిలు గీతలు గీసి నెలకొకసారి స్కేలుతో కొలుచుచున్నాడు.