పాఠకుడి మీద పన్ను: మెకాలే గ్రంథస్వామ్య ప్రసంగం – పైరసీ చట్టాలపై నేటి అసంతృప్తి

వ్యాససంగ్రహం

ఆన్‌లైన్ పైరసీని అరికట్టే చట్టాలు కఠినమవుతున్న కొద్దీ వాటిపట్ల ప్రజలలో గౌరవం పెరగకపోగా విసుగు పెరుగుతోంది. ఈ వైరుధ్యాన్ని 1841లోనే బ్రిటిష్ పార్లమెంటులో మెకాలే ఊహించాడు. ఆయన వాదాన్ని భారత కాపీరైటు చట్టం, 1957తో కలిపి చదివి, నేటి అసంతృప్తికి మూలం శిక్షల తీవ్రత ఒక్కటే కాదని, భిన్నమైన పనులను ఒకే నేరంగా చూడటమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అలభ్యమైన తెలుగు గ్రంథాల పరిస్థితిని ఇందుకు ప్రధాన నిదర్శనంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: గ్రంథస్వామ్యం, పైరసీ, మెకాలే, పబ్లిక్ డొమైన్, అలభ్య గ్రంథాలు.

1. ఉపోద్ఘాతం

2025 నవంబరులో ఐబొమ్మ వెబ్‌సైటును నడిపాడన్న ఆరోపణపై ఒక వ్యక్తిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. సినీ పరిశ్రమ హర్షించింది. సామాజిక మాధ్యమాలలో మాత్రం నిందితుడిపట్ల సానుభూతి వెల్లువెత్తింది. టికెట్ల ధరలను ఎత్తిచూపుతూ పలువురు అతణ్ణి సామాన్యుడి పక్షాన నిలిచినవాడిగా కీర్తించారు. ఆ సైటు బెట్టింగు యాప్‌ల ప్రచారానికి తోడ్పడిందని పోలీసులు చెప్పినా ఆ ధోరణి ఆగలేదు.

ఇటువంటి ఆగ్రహం కొత్తది కాదు. 2012లో తమిళ చిత్రం ‘3’, తెలుగు చిత్రం ‘దమ్ము’ల పైరసీని ఆపాలని మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల పేరుతో ఇంటర్నెట్ సంస్థలు వీమియో వంటి సైట్లను మొత్తంగా నిలిపివేశాయి. సినిమాతో సంబంధం లేనివారికి కూడా దారులు మూసుకుపోయాయి. నిరసనలు రేగాయి. ఆ ఏడాది జూన్‌లో న్యాయస్థానం తన ఉత్తర్వులు నిర్దిష్టమైన చిరునామాలకే వర్తిస్తాయని స్పష్టం చేయవలసివచ్చింది.

ఈ అసంతృప్తిని సాధారణంగా రెండు విధాలుగా వ్యాఖ్యానిస్తారు. ఉచితానికి అలవాటుపడిన జనం నీతి తప్పారన్నది ఒకటి. పెట్టుబడిదారుల దురాశపై ఇది ప్రజల తిరుగుబాటన్నది మరొకటి. ఈ రెండూ చట్టం లోపలికి వెళ్ళి చూడవు. అక్కడికి వెళ్ళడానికి మెకాలే ప్రసంగం ఉపకరిస్తుంది.

2. మెకాలే వాదం

తెలుగు పాఠకులకు మెకాలే 1835 నాటి విద్యా నివేదిక ద్వారానే ఎక్కువగా తెలుసు. ప్రాచ్య సాహిత్యాలను తేలికగా తీసిపారేసిన ఆ కలమే ఆరేళ్ళ తరువాత పాఠకుల పక్షాన వాదించింది. రచయిత మరణానంతరం 60 ఏళ్ళ వరకూ గ్రంథస్వామ్యాన్ని పొడిగించాలని టాల్ఫోర్డ్ తెచ్చిన బిల్లును మెకాలే 1841 ఫిబ్రవరి 5న కామన్స్ సభలో వ్యతిరేకించాడు. బిల్లు వీగిపోయింది. మరుసటి ఏడాది వచ్చిన చట్టం ప్రచురణ నుంచి 42 ఏళ్ళు, లేదా రచయిత జీవితకాలంతో పాటు మరో 7 ఏళ్ళు – వీటిలో ఏది ఎక్కువైతే అది – గడువుగా నిర్ణయించింది.

ఆయన వాదంలో మూడు మెట్లున్నాయి. మొదటిది: రచయితకు ప్రతిఫలం దక్కాలి, అందుకు గుత్తహక్కు అవసరమే. అయితే అది పాఠకుడి మీద వేసే పన్ను. అవసరానికి మించి ఒక్కరోజు కూడా వసూలు చేయరాదు. రెండవది: మరణించిన దశాబ్దాల తరువాత ఎవరికో అందే ఆదాయం రచయితను రాయడానికి ప్రేరేపించదు. పైగా హక్కు చేతికొచ్చిన వారసులు గ్రంథాన్ని తొక్కిపెట్టనూవచ్చు. నవలలను చదవడమే పాపమని భావించిన రిచర్డ్‌సన్ మనుమడిని, జాన్సన్‌తో తండ్రి సాన్నిహిత్యాన్ని కుటుంబానికి మచ్చగా తలచిన బాస్వెల్ కుమారుణ్ణి ఆయన ఉదాహరణలుగా చూపాడు. మూడవది మనకు ముఖ్యం. దొంగముద్రణ చేసేవారిని సమాజం ఈసడిస్తున్నంతకాలమే చట్టం పనిచేస్తుంది. అన్యాయమని తోచే గడువును రుద్దితే మంచివారు కూడా దొంగముద్రాపకుల పక్షం చేరతారు. అప్పుడు న్యాయమైన హక్కునూ అన్యాయమైన హక్కునూ వేరుచేసి చూసే ఓపిక ఎవరికీ ఉండదు; బతికున్న రచయిత కూడా నష్టపోతాడు.

3. అరవై ఏళ్ళ గడువు

మెకాలే ఓడించిన ఆ 60 ఏళ్ళ గడువే నేడు భారతదేశంలో అమలులో ఉంది. 1957 చట్టంలో మరణానంతర గడువు 50 ఏళ్ళు. 1941లో మరణించిన రవీంద్రనాథ్ టాగోర్ రచనలపై విశ్వభారతి హక్కులు 1991తో ముగియవలసి ఉండగా, 1992 సవరణ ఆ గడువును 60 ఏళ్ళు చేసింది. ఒక్క మహాకవి విషయంలో తలెత్తిన ఆందోళన దేశంలోని రచయితలందరి గ్రంథాలకూ మరో పదేళ్ళు తాళం వేసింది.

తెలుగులో దీని ఫలితం స్పష్టం. 1976లో మరణించిన విశ్వనాథ సత్యనారాయణ రచనలు 2036 చివరి వరకూ, 1979లో మరణించిన చలం రచనలు 2039 చివరి వరకూ, 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలు 2043 చివరి వరకూ హక్కుల పరిధిలో ఉంటాయి. వీరికి పాఠకులున్నారు, పునర్ముద్రణలూ ఉన్నాయి. వీరి సమకాలికులైన అనేకుల పుస్తకాలకు ఆ భాగ్యం లేదు. వాటిని అమ్మేవారు లేరు, వారసులు ఎక్కడున్నారో తెలియదు. పన్ను ఉంది, వసూలు చేసుకునేవారు లేరు. ఫలితంగా పాఠకుడికి పుస్తకమే లేదు.

గడువును లెక్కించడం కూడా సులభం కాదు. దేవరకొండ బాలగంగాధర తిలక్ 1966లో మరణించాడు. కనుక ఆయన జీవితకాలంలో అచ్చైన కవితలు 2027 జనవరి 1న పబ్లిక్ డొమైన్‌లోకి వస్తాయి. కానీ ‘అమృతం కురిసిన రాత్రి’ సంపుటి వెలువడింది 1968లో. మరణానంతరం తొలిసారి ప్రచురితమైన రచనకు ప్రచురణ నుంచి 60 ఏళ్ళని 24వ సెక్షను చెబుతుంది. ఆ సంపుటిలో ఏ కవితైనా 1968లోనే మొదటిసారి అచ్చయి ఉంటే దాని గడువు 2028 చివరి వరకూ సాగుతుంది. ఒకే పుస్తకంలో రెండు గడువులు! పాత పత్రికల సంచికలను వెదికితే తప్ప ఏ కవిత ఎప్పుడు విముక్తమవుతుందో చెప్పలేం. ఆ సంచికలు దొరకడమే పరిశోధకుడి మొదటి సమస్య.

4. శిక్షలో లేని తారతమ్యం

చట్టంలోని 63వ సెక్షను ప్రకారం తెలిసి చేసిన ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 ఏళ్ళ వరకూ జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకూ జరిమానా. ఇది బెయిలుకు వీలులేని, వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరమని 2022లో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దీనికితోడు 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, చిత్రాల పైరసీకి 3 లక్షల రూపాయల నుంచి నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకూ జరిమానా విధించే వీలు కల్పించారు.

నిన్న విడుదలైన సినిమాను థియేటరులో చిత్రీకరించి అమ్ముకునేవాడికి ఈ శిక్షలు ఎక్కువని అనలేం. ఎవరూ అచ్చువేయని నవలను స్కాన్ చేసి ఉచితంగా అందరికీ అందించినవాడికీ అదే 63వ సెక్షను వర్తిస్తుండటమే సమస్య. లాభాపేక్ష లేనిచోట కనీసశిక్షను తగ్గించవచ్చన్న వెసులుబాటు ఉన్నా అది న్యాయమూర్తి విచక్షణకు చెందినది, అరెస్టు తరువాతి మాట. చదువుకోవడానికి ప్రతి తీసుకోవడాన్ని 52వ సెక్షను కొంత మన్నిస్తుంది. మార్కెట్లో దొరకని పుస్తకానికి గ్రంథాలయం మూడు ప్రతులు చేసుకోవచ్చు. భద్రపరచడానికి డిజిటల్ రూపంలోకి మార్చుకోవచ్చు. ఆ డిజిటల్ ప్రతిని ఇంటర్నెట్లో ప్రజలకు పెట్టే హక్కును మాత్రం ఆ మినహాయింపు ఇవ్వలేదు.

హక్కుదారు దొరకని గ్రంథాలకు 31ఎ సెక్షను ఒక మార్గం చూపుతుంది. దరఖాస్తుదారు తన ప్రతిపాదనను దేశంలో అధిక భాగం ప్రాచుర్యమున్న ఆంగ్ల దినపత్రికలో ప్రకటించాలి. అనువాదమైతేనే ఆ భాషా పత్రికలోనూ ప్రకటన తప్పనిసరి. అంటే ఒక తెలుగు నవలను తెలుగులోనే పునర్ముద్రించదలచినవారు దాని హక్కుదారు కోసం ఆంగ్లపత్రికలో వెదకాలి! ఏ పల్లెలోనో ఉన్న రచయిత మనుమరాలి కంట ఆ ప్రకటన పడుతుందా అన్న ఆలోచన శాసనకర్తలకు రాలేదు. చట్టబద్ధమైన దారి ఇంత దుర్గమమైనప్పుడు చట్టవిరుద్ధమైన దారి సహజమార్గంగా కనిపిస్తుంది.

5. మెకాలే చూడనిది

అయితే మెకాలే వాదాన్ని యథాతథంగా స్వీకరించలేం. గడువు తీరగానే ప్రచురణకర్తలు పోటీపడి చౌకప్రతులు తెస్తారన్న నమ్మకం ఆయనది. తెలుగులో గడువు తీరిన గ్రంథాలన్నీ అంగట్లోకి రాలేదు. వాటిలో అనేకం మనకు దక్కింది వికీసోర్స్ వంటి చోట్ల స్వచ్ఛందంగా అక్షరాలు దిద్దుతున్నవారి వల్ల, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన ప్రతులు ఆర్కైవ్.ఆర్గ్‌లో నిలిచి ఉండటం వల్ల.

మరొకటి: నేటి ఆగ్రహమంతా గడువు గురించినది కాదు. కొత్త సినిమాను ఉచితంగా చూడాలన్న కోరికకూ, అలభ్యగ్రంథం కోసం పరిశోధకుడు పడే తపనకూ నైతికంగా పోలిక లేదు. రెండవదాన్ని చూపి మొదటిదాన్ని సమర్థించడం తర్కదోషం. కొన్ని వందల ప్రతులు అచ్చువేసి అప్పులపాలయ్యే తెలుగు రచయిత కొత్త పుస్తకం పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో తిరిగితే, నష్టపోయేది పెట్టుబడిదారు కాదు. జ్ఞానం అందరిదీ అనే మాట అక్కడ ఆ రచయిత కష్టాన్ని కప్పిపుచ్చే ముసుగవుతుంది.

కానీ ఈ తేడాను మొదట చెరిపివేసింది చట్టమే. అది తారతమ్యం పాటించనప్పుడు ప్రజలూ పాటించరు. మెకాలే హెచ్చరికలో నేటికీ నిలిచే సారం ఇదే.

6. సాధ్యమైన దారులు

తారతమ్యం చూపడం అసాధ్యం కాదని మన న్యాయస్థానాలే నిరూపించాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠ్యభాగాల జిరాక్సు సంకలనాలపై ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ సహా ప్రచురణ సంస్థలు 2012లో వేసిన దావాను 2016లో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం కొట్టివేసింది. బోధనకు అవసరమైన మేరకు ప్రతులు చేయడం ఉల్లంఘన కాదన్న సూత్రాన్ని ద్విసభ్య ధర్మాసనమూ ఆమోదించింది. ఉపయోగం ఏమిటన్నది ఇక్కడ నిర్ణాయకమైంది.

పొరుగున ఉన్న తమిళనాడు మరో మార్గం చూపింది. సుబ్రహ్మణ్య భారతి రచనలతో మొదలుపెట్టి, అనేకమంది రచయితల వారసులకు ప్రభుత్వం పరిహారమిచ్చి వారి రచనలను జాతీయం చేసింది. వారసులకు గౌరవం దక్కింది, పాఠకులకు పుస్తకం దక్కింది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఇటువంటి పథకాన్ని చేపట్టవచ్చు. హక్కుదారుల కోసం తెలుగు పత్రికలలో ప్రకటన చాలునని 31ఎ సెక్షనును సవరించవచ్చు. లాభాపేక్ష లేని ఉల్లంఘనను నేరశిక్ష నుంచి తప్పించి పౌర పరిహారానికి పరిమితం చేయవచ్చు.

7. ముగింపు

పైరసీపట్ల ప్రజల సానుభూతిని నీతిపతనంగా కొట్టిపారేయడం తేలిక. ప్రతిఘటనగా కీర్తించడం ఇంకా తేలిక. అది చట్టం కోల్పోయిన విశ్వసనీయతకు కొలమానమని ఈ పరిశీలన తేల్చింది. శిక్షను పెంచితే భయం పెరగవచ్చు, ఆ విశ్వసనీయత తిరిగిరాదు. అమ్ముడవుతున్న పుస్తకాన్నీ అంతరించిపోతున్న పుస్తకాన్నీ వేర్వేరుగా చూడగలిగిన రోజున, బతికున్న రచయిత హక్కును కాపాడమని చట్టం పాఠకుణ్ణి ధైర్యంగా అడగగలదు.