రై కూడర్ స్లైడ్ గిటారు వాదనము

మెట్లు గల తంత్రీవాద్యమునకు స్వరస్థానములు ముందే నిర్ణీతములగుటచే, కంఠమువలె ఒక స్వరమునుండి వేరొక స్వరమునకు తెగక సాగిపోవు సౌలభ్యము దానికి సహజముగా లేదు. మన వైణికులు తీగను ప్రక్కకు లాగి ఈ లోటును పూరింపగా, అమెరికా దక్షిణరాష్ట్రముల నల్లజాతి గాయకులు, కోసి నునుపుచేసిన సీసామెడను వ్రేలికి తొడిగి తీగలపై జార్చి, గిటారుచేత పాడించిరి. స్లైడ్ వాదనమను ఆ మార్గమున నడచిన నేటివారిలో, 1947లో లాస్ ఏంజిలిస్‌లో జన్మించిన గాయకుడు, గీతకర్త రై కూడరునకు నేనిచ్చు స్థానము మిక్కిలి యున్నతమైనది.

సాధారణ వాదనమున వ్రేలు తీగను ఫలకమునకు అదిమి మెట్టునకు కొంచెము వెనుక నిలుచును. స్లైడ్ వాదనమున గాజుగొట్టము తీగను తాకునే కాని అదుమదు, సరిగా మెట్టుమీదనే నిలువవలెను, వెంట్రుకవాసి తప్పినను శ్రుతి చెడును. గొట్టము తిన్ననిదగుటచే అది ఒక్కసారి తాకిన తీగలన్నియు పొందికగా మ్రోగుటకై వాద్యమును ముందే ఒక స్వరమేళమునకు కూర్చుదురు. ఓపెన్ జి అను కూర్పునందు, జి స్వరమును షడ్జముగా గైకొన్నచో, ఆరు తీగలును వరుసగా ప, స, ప, స, గ, ప అని పలుకును, అందలి గాంధారము అంతరగాంధారము. మెట్లే లేని మన గోటువాద్యమునందును జారు పుట్టు విధ మిట్టిదే. కాని ఈ విద్యలో కష్టతమమైన భాగము జార్చుట కాదు. గొట్టమునకు వెనుకనున్న వ్రేళ్లను తీగలపై మెత్తగా ఆనించి, అక్కరలేని మ్రోతను పుట్టుచుండగనే అణచుట. కూడరు వాయించు ఒక్కొక్క స్వరము చుట్టును వినవచ్చు నిశ్శబ్దము ఆ వ్రేళ్ల శ్రమఫలము.

నాలుగేండ్ల ప్రాయమున ప్రమాదవశమున ఎడమకన్ను కోల్పోయిన ఈతడు బాల్యముననే గిటారు చేపట్టి, కౌమారమున యాష్ గ్రోవ్ అను సంగీతశాలకు వచ్చు వృద్ధ బ్లూస్ విద్వాంసుల చేతులను దగ్గరనుండి చూచి నేర్చెను. 1970లో తొలి ఆల్బమ్ వెలువడెను. 1976 నాటి ‘చికెన్ స్కిన్ మ్యూజిక్’ నందు హవాయి గిటారు విద్వాంసుడు గాబీ పహినూయి, టెక్సస్ మెక్సికనుల అకార్డియన్ విద్వాంసుడు ఫ్లాకో హిమేనెజ్ ఆతనితో కలసి వాయించిరి. పలుజాతుల బాణీలను కలుపువారు ఎందరో కలరు. ఎదుటివాని సంగీతమును శిష్యునివలె ముందు అభ్యసించి, పిదప అందు తనకు చాలినంత చోటు మాత్రమే తీసికొనువారు అరుదు, కూడరు వారిలోనివాడు.

టెక్సస్ అంధగాయకుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927లో మాటలు లేని మూలుగునకు స్లైడ్ జతపరచి ఇచ్చిన ఒక రికార్డు, 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షమునకు పంపబడిన స్వర్ణఫలకమున, మన కేసర్‌బాయి కేర్కర్ భైరవితోపాటు చేరినది. విమ్ వెండర్స్ తీసిన ‘పారిస్, టెక్సస్’ (1984) చిత్రమునకు ఆ జాన్సన్ రచననే ఆధారముగా గొని కూడరు కూర్చిన సంగీతమున, ఎడారియొక్క వైశాల్యమంతయు కొలది స్వరములలో ఇమిడినది. అంతకంటె పొదుపైన చిత్రసంగీతమును నేను వినలేదు.

1992లో, సాంటా బార్బరాలోని ఒక ప్రార్థనామందిరమున, హిందుస్థానీ విద్వాంసుడు విశ్వమోహన్ భట్ తాను మార్చుకొన్న గిటారగు మోహనవీణతోను, కూడరు తన స్లైడ్ గిటారుతోను కలసి కూర్చుండి, ముందుగా అభ్యాసములేకయే వాయించిన నాలుగు కృతులు ‘ఎ మీటింగ్ బై ది రివర్’ పేర వెలువడి గ్రామీ బహుమానమును పొందెను. అటుపిమ్మట మాలీదేశపు అలీ ఫర్కా తూరేతో ‘టాకింగ్ టింబక్టు’. 1996లో హవానాలో, బూట్లు తుడిచి పొట్టపోసికొను స్థితికి వచ్చియుండిన ఇబ్రహీం ఫెర్రర్‌ను, వృద్ధ పియానో విద్వాంసుడు రూబెన్ గొన్సాలెస్‌ను లోకమునకు వినిపించిన ‘బ్యూన విస్టా సోషల్ క్లబ్’. ఈ తుదిదానియందు కూడరు గిటారు వెనుకనే ఉండిపోయినది. ఆతని గొప్పతనమునకు అది చిన్న నిదర్శనము కాదు.

వీణను, గోటువాద్యమును విని పెరిగిన మన శ్రోతలు భట్‌తో కలసి వాయించిన ఆ రికార్డుతోనే ఆరంభింపవలెనని నా మనవి. మొదటిసారి భట్‌ను అనుసరించి వినుడు. రెండవసారి కూడరు ఎచ్చట వాయింపక మానెనో గమనించి వినుడు.