కొమరము భీము విగ్రహము: స్థలౌచిత్య విచారము

చంద్రపూరు జిల్లాలోని విరూరు గ్రామము రాజురా తాలూకాకు చెందినది. నైజాము ఏలుబడిలో ఈ తాలూకా ఆదిలాబాదు ప్రాంతముతో కలిసియుండెను. 1956లో రాష్ట్ర పునర్విభజనమువలన వేఱుపడి, 1959లో చాందా జిల్లాలో చేర్పబడెను. కావున జోడేఘాటు గిరులలో పోరాడి 1940లో నేలకొరిగిన గోండు వీరుడు కొమరము భీము ఈ ప్రాంతమువారికి పరాయివాడు కాడు. ఆతని స్మృతిని శిల్పమెట్లు నిలుపుచున్నదో విచారించుట అవసరము.

హైదరాబాదు టాంక్‌బండ్‌పై 1980లలో 33 మంది ప్రముఖుల విగ్రహములు నెలకొల్పబడినవి. వానిలో అల్లూరి సీతారామరాజునకు తావు లభించినది, భీమునకు లభింపలేదు. తరువాతి కాలమున ఆతని విగ్రహమును అచ్చట నిలుపుటచే ఆ లోపము తీరినది. ఇది న్యాయమే. అయినను ఆ వరుసలో ప్రతి వ్యక్తియు వేఱువేఱు పీఠములపై ఒంటిగా నిలిచియుండును. కవికిని పండితునికిని ఇది తగును. భీముని పోరాటము అట్టిది కాదు. అడవి శాసనములు పోడు భూములను హరింపగా గోండులును కోలాములును కలిసి చేసిన ప్రతిఘటనమది. ఆతనితోపాటు అనుచరులు పలువురు మరణించిరి. ఆ పిమ్మట నైజాము ప్రభుత్వము హైమెండార్ఫ్ పండితుని రావించి గోండుల స్థితిని పరిశీలింపజేసెను. భూమి పట్టాలు, గోండీ చదువులు దాని ఫలితములు. ఒంటి విగ్రహము ఈ సమష్టి కథను చెప్పజాలదు.

పరిమాణము పెంచినంతమాత్రమున ఈ కొఱత తీఱదు. భీమవరమున 2022 జూలై 4న ఆవిష్కృతమైన సీతారామరాజు కాంస్యవిగ్రహము 30 అడుగుల యెత్తు గలది. అది చూపఱులను ఆకర్షించును. కాని మన్యమునకు దూరమైన ఆ మైదానములో ముఠాదారుల బాధను, పోడు నిషేధమును చూపఱులు ఊహించుకొనవలసినదే.

జోడేఘాటున 2016లో వెలసిన స్మారకమునకును ప్రదర్శనశాలకును ఈ చిక్కు లేదు. అచ్చట కొండలే పీఠము. ఏటేటా ఆశ్వయుజ పౌర్ణమినాడు అచ్చటికి చేరు గోండులే ఆ శిల్పమునకు వ్యాఖ్యాతలు.

నగరవాసులందఱును ఆ కొండలకు పోజాలరు గదా యను ఆక్షేపణ సమంజసమే. అందుచే నగరమందలి విగ్రహమును తొలగింపనక్కఱలేదు. పోరాడిన గ్రామముల పేర్లను, పోరాటకారణమును పీఠముపై తెలుగు, గోండీ, మరాఠీ భాషలలో చెక్కించిన చాలును. అప్పుడు సరిహద్దునకు ఆవల, విరూరు వంటి ఊళ్లలో నున్నవారును ఆ విగ్రహమును తమదిగా చదువుకొనగలరు.