గట్టు కన్నా మెట్టు గట్టిది

2006లో కొల్లేటిలో చేపల చెరువుల గట్లకు గండ్లు కొట్టినప్పుడు సరస్సు మళ్లీ ఊపిరి పోసుకుంటుందని చాలామంది ఆశపడ్డారు. ప్రొక్లెయిన్లు వెళ్లిపోయాక చాలాచోట్ల గట్లు తిరిగి లేచాయి. చెరువు మీద బతికేవాడి బతుకు లెక్క మారకుండా గట్టు ఒక్కటే మారితే జరిగేది అదే. మత సంస్కరణ కూడా ఇలాంటిదే. పైనుంచి పడగొట్టే పద్ధతినీ, జనం మధ్య నిలబడి నేర్పే పద్ధతినీ రెంటినీ ప్రాచీన యూదులు చూశారు. నిలిచింది రెండోదే.

మొదటిదానికి యూదా రాజు యోషీయా సాక్షి. క్రీ.పూ. 622 ప్రాంతంలో యెరూషలేము ఆలయం మరమ్మతు చేస్తుండగా యాజకుడు హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. శాస్త్రి షాఫాను చదువుతుంటే విని రాజు బట్టలు చించుకున్నాడు, ప్రవక్త్రి హుల్దా మాట కోసం మనుషుల్ని పంపాడు. జనాన్ని పోగుచేసి గ్రంథం వినిపించి నిబంధన చేయించాడు. తర్వాత పనంతా గొడ్డళ్లదే: గుట్టల మీద పూజలు జరిగే ఉన్నత స్థలాలు కూలాయి, బేతేలు బలిపీఠం పొడి అయింది, పస్కా పండుగ ఘనంగా జరిగింది. క్రీ.పూ. 609లో మెగిద్దో దగ్గర ఫరో నెకో చేతిలో రాజు చనిపోయాడు. ఆయన కొడుకులు పాత దారే పట్టారు. రాజుతో వచ్చిన భక్తి రాజుతోనే పోయింది.

బబులోను చెర నుంచి తిరిగొచ్చినవాళ్లకు రాజు లేడు. నెహెమ్యా అనగానే మనవైపు ఎవరికైనా 52 రోజుల్లో లేచిన యెరూషలేము గోడే గుర్తొస్తుంది. అసలు పని గోడ అయ్యాక మొదలైంది. ఏడో నెల మొదటి రోజున నీటి గుమ్మం ఎదుట మైదానంలో చెక్కమెట్టు ఒకటి వేశారు. శాస్త్రి ఎజ్రా దానిమీద నిలబడి తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. మగవాళ్లు, ఆడవాళ్లు, వింటే అర్థం చేసుకోగల పిల్లలు అందరూ విన్నారు. లేవీయులు జనం మధ్య నిలిచి అర్థం విడమరిచి చెప్పారు. తమ తప్పు తెలిసి జనం ఏడిస్తే, ఏడవొద్దు, తినండి, ఏమీ వండుకోలేనివాళ్లకు కూడా పంపండి అన్నారు. మర్నాడు పెద్దలు చదువుకి కూర్చుంటే పర్ణశాలల పండుగ సంగతి దొరికింది. ఈత, ఒలీవ కొమ్మలు తెచ్చి మిద్దెల మీద, ముంగిళ్లలో పందిళ్లు వేసి వారం రోజులు వాటిలో ఉన్నారు. చివర 80 మందికి పైగా పెద్దలు ఒప్పందానికి ముద్రలు వేశారు: విశ్రాంతి దినాన సరుకు కొనం, ఏడో ఏట బాకీలు వదిలేస్తాం. వినడం, అర్థం కావడం, చేతితో చేయడం, మాటకు కట్టుబడటం: పద్ధతి ఇంతే. సోమ, గురువారాల్లో కూడా ధర్మశాస్త్రం చదివే ఏర్పాటులో ఎజ్రా చెయ్యి ఉందని యూదుల ధర్మగ్రంథం తల్మూద్ చెబుతుంది. పల్లె జనం సంతకూ పంచాయితీకీ పట్నం వచ్చే రోజులవి.

ఎజ్రా అన్యజాతి భార్యల్ని పంపించేయమన్నాడు కదా, ఇదేం సంస్కరణ అని అడగొచ్చు. అడగాల్సిందే. అది ఆ ఉద్యమం మీద మచ్చ. అయితే దానికి జవాబు కూడా యూదుల గ్రంథాల్లోనే ఉంది: మోయాబు స్త్రీ రూతు దావీదుకు ముత్తవ్వ. జనం చేతికి గ్రంథమిస్తే, సంస్కర్తనే నిలదీసే హక్కు కూడా ఇచ్చినట్టే. గొడ్డలికి ఆ గుణం లేదు.

ఇలా నేర్చుకుంటున్నవాళ్లు మన దగ్గరా ఉన్నారు. కృష్ణకు అవతల, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదుల సమాజం ఉంది. మాదిగ కుటుంబాలు, అంతకుముందు క్రైస్తవులు. 1991లో ప్రార్థన మందిరం పెట్టుకున్నారు. వీళ్ల పూర్వికులు నిజంగా ఇశ్రాయేలీయుల ఎఫ్రాయిము గోత్రమేనా, ఇదంతా ఇశ్రాయేలు వెళ్లడానికేనా అన్న అనుమానాలున్నాయి. వంశం చరిత్రకారులకు రుజువు కాలేదు, నిజమే. కానీ శనివారం పని మానడం, హీబ్రూ అక్షరాలు దిద్దడం నెత్తురులోంచి వచ్చేవి కావు, నేర్చుకోవాల్సినవే. నీటి గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు మాత్రం? పర్ణశాల ఎలా వేయాలో వాళ్లకీ గ్రంథం చదివాకే తెలిసింది.